వానాధారపు చేలో రెండు పంటలు: చివరి వాన నుంచి వెనక్కి లెక్క వేసుకోవడం ఎలా?

వానల మీదే ఆధారపడి వరుసగా రెండు పంటలు తీయాలనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది, "రెండో పంటగా ఏం వేస్తే బాగుంటుంది?" అని. నేను తిరిగి అడిగేది, "మొదటి పంట ఏ తేదీన విత్తారు? ఎన్ని రోజుల రకం?" అని. రెండో పంట భవిష్యత్తు చాలావరకు అది భూమిలో పడకముందే తేలిపోయి ఉంటుంది. మొదటి పైరు ఎప్పుడు చేను ఖాళీ చేస్తుంది, అప్పటికి వానలు ఇంకా ఎన్నాళ్లు మిగిలి ఉంటాయి, మట్టి లోపల ఎంత నీరు దాగి ఉంది అన్నవి తెలిస్తే ఏం వేయాలన్నది పెద్ద ప్రశ్న కాదు. అవి తెలియకుండా ఎంత మంచి విత్తనం తెచ్చినా, పూత దశలో ఆకులు వాడిపోతుంటే గట్టు మీద నిలబడి చూడటం తప్ప చేయగలిగింది ఉండదు. ఆ దృశ్యం చాలా చేలలో చూశాను కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఏడాదిలో కొన్ని నెలలు వాన, మిగతా నెలలు పొడి అన్న తీరు ఉష్ణమండలంలో చాలా దేశాల్లో ఉంది. సూర్యుడు నడినెత్తిన ఉండే చోటు ఉత్తరానికి, దక్షిణానికి జరుగుతుంటే వాన పట్టీ కూడా కాస్త ఆలస్యంగా దాని వెంటే జరుగుతుంది. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న చోట్ల అది ఏడాదిలో రెండుసార్లు దాటిపోతుంది. అందుకే కెన్యాలో మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చిన్న వానలు పడతాయి. భూమధ్యరేఖకు దూరం జరిగేకొద్దీ ఆ రెండూ కలిసి ఒకే వానకాలం అవుతుంది. ఇక్కడ నేను చెప్పేది ఒకే వానకాలం ఉన్న చోటి లెక్క.

ముందు రెండు తేదీలు పట్టుకోండి

తొలకరి వాన పడగానే వానకాలం మొదలైనట్టు కాదు. ఒక మంచి వాన పడి, ఆ తర్వాత మూడు వారాలు చుక్క రాలకపోతే మొలకలు మాడిపోతాయి, విత్తనం ఖర్చు మళ్లీ పెట్టాలి. పశ్చిమ ఆఫ్రికాలోని సాహెల్ ప్రాంతపు వానల మీద పనిచేసిన ఇక్రిశాట్ (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) వాతావరణ శాస్త్రవేత్త ఎం.వి.కె. శివకుమార్ 1988లో దీనికి పనికొచ్చే కొలత ఒకటి వాడారు. మే 1 తర్వాత వరుసగా మూడు రోజుల్లో కలిపి కనీసం 20 మి.మీ. వాన పడాలి, ఆపై 30 రోజుల్లో ఏడు రోజులకు మించిన బెట్ట (వాన లేని ఎడం) రాకూడదు. అలాంటి మొదటి రోజే వానకాలం మొదలు. నెల మీ ప్రాంతాన్ని బట్టి మారుతుంది. బరువు నేలల్లో 20 మి.మీ. చాలదు కాబట్టి ఆ అంకె కాస్త పెంచుకోవాలి. కొలిచే తీరు మాత్రం ఎక్కడైనా అదే.

సాహెల్ లెక్కల్లో తేలిన ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. వానలు మొదలయ్యే తేదీ ఏడాదికేడాది బాగా అటూ ఇటూ అవుతుంది, ఆగిపోయే తేదీ అంతగా కదలదు. దీని అర్థం ఏమిటంటే, తొలకరి రెండు వారాలు ఆలస్యమైతే వానకాలం మొత్తం రెండు వారాలు వెనక్కి జరగదు, రెండు వారాలు తెగిపోతుంది. ఆ తెగిపోయిన ముక్క ఎప్పుడూ రెండో పంట ఖాతాలోంచే పోతుంది.

మీ చేనుకు దగ్గరలో ఉన్న వర్షమాపక కేంద్రం నుంచి కనీసం 20 ఏళ్ల రోజువారీ వాన లెక్కలు సంపాదించండి. నెలవారీ లెక్కలు ఈ పనికి రావు. నెలలో 150 మి.మీ. పడిందంటే అది రెండు రోజుల్లో కురిసిందా, పన్నెండు రోజుల్లోనా అన్నది వాటిలో కనబడదు. ఒక్కో ఏడాదికి మొదలైన తేదీ, ఆగిన తేదీ రాసుకోండి. వానకాలం చివర్లో, ఆ తర్వాత వరుసగా 20 రోజుల పాటు వాన పడని తేదీని ఆగిన తేదీగా తీసుకోవచ్చు. తర్వాత ఆగిన తేదీలను ముందుదాని నుంచి వెనకదాని దాకా వరుసలో పేర్చండి. సగటు తీయకండి. సగటు తేదీని నమ్ముకుంటే దాదాపు సగం ఏళ్లలో వానలు మీ ప్లాన్ కంటే ముందే ఆగిపోతాయి. వరుసలో ఐదో తేదీ తీసుకోండి. 20 ఏళ్లలో నాలుగేళ్లు మాత్రమే అంతకన్నా ముందు ఆగాయి, అంటే ఐదేళ్లలో నాలుగేళ్లు మీ ప్లాన్ నిలబడుతుంది. మెట్ట సేద్యంలో అంతకుమించిన భరోసా ఆశించలేం.

చేలో సొంతంగా వాన కొలవడం కూడా మొదలుపెట్టండి. అడుగు నుంచి అంచు దాకా ఒకే వెడల్పున్న డబ్బా ఏదైనా, చెట్లకు దూరంగా ఒక కర్రకు కట్టి, పొద్దున్నే స్కేలు పెట్టి లోతు చూస్తే చాలు. డబ్బా వెడల్పు ఎంతన్నది లెక్కలోకి రాదు. ఒక మి.మీ. వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీరు, ఎకరానికి నాలుగు వేల లీటర్ల పైచిలుకు. కేంద్రం లెక్కలు పాత ఏళ్ల తీరు చెబుతాయి. ఈ ఏడాది మీ గట్టుకు ఇవతల ఎంత పడిందో మీ డబ్బాయే చెప్పాలి, ఎందుకంటే వానాకాలపు మేఘం పక్క ఊరిని ముంచి మీ చేనును వదిలేసి పోగలదు.

మట్టి దాచిపెట్టేది ఎంత?

వానలు ఆగాక రెండో పంట బతికేది మట్టి దాచిన నీటి మీదే. మీటరు లోతు మట్టిలో మొక్క తీసుకోగలిగిన నీరు ఇసుక నేలల్లో సుమారు 60 నుంచి 80 మి.మీ., లోతైన నల్లరేగడిలో 150 నుంచి 200 మి.మీ. దాకా ఉంటుంది. పుస్తకంలోని ఈ అంకె కంటే మీ నేల లోతు ముఖ్యం. అర మీటరు కింద రాయో గరుసో తగిలితే అంకెను సగం చేసుకోవాల్సిందే.

దీనికి నేను వాడేది వేలు మందాన ఉన్న మీటరు పొడవు ఇనుప ఊచ. పైన అడ్డంగా పిడి, కింద మొన. ఊచ మీద ప్రతి 10 సెం.మీ.కు ఒక గీత. గట్టి వాన పడి ఒకటి రెండు రోజులు గడిచాక, ఒళ్లు బరువంతా వేయకుండా రెండు చేతులతో నిదానంగా నొక్కితే తడి ఉన్నంత లోతూ దిగుతుంది. పొడి మట్టి తగలగానే ఆగిపోతుంది. ఆ ఆగడం చేతికి స్పష్టంగా తెలుస్తుంది. రాయి తగిలితే టక్కున శబ్దం వస్తుంది, పొడి మట్టి తగిలితే శబ్దం లేకుండా బిగుసుకుంటుంది. చేలో ఒకచోట చూసి వచ్చేయకుండా మెరక, పల్లం, నడిమి భాగం అన్నీ చూడాలి. ఎండిన నల్లరేగడిలో 25 మి.మీ. వాన మహా అయితే 12 నుంచి 15 సెం.మీ. తడుపుతుంది, ఇసుక నేలలో దాదాపు దానికి రెట్టింపు లోతు దిగుతుంది. అందుకే ఇసుక నేలల్లో తొందరగా విత్తుకోవచ్చు, నల్లరేగడిలో ఓపిక పట్టాలి. ఊచ ఎంత దిగిందో ప్రతిసారీ తేదీతో సహా రాసిపెట్టుకుంటే రెండో పంట వేసే రోజున ఆ కాగితం ఎంత విలువైనదో తెలుస్తుంది.

వెనక్కి లెక్క

తొలకరి రోజును 1 అనుకుందాం. మీ లెక్క ప్రకారం వానలు 120వ రోజున ఆగుతాయి. రెండో పంటగా 75 రోజుల అపరాల (పప్పుధాన్యాల) పంట వేయాలనుకున్నారు. మొదటి 20 రోజులు మొక్క చిన్నది, రోజుకు 2 మి.మీ. నీరు చాలు, అంటే 40. తర్వాతి 35 రోజులు ఆకు కమ్ముకుని, పూత పూసి, కాయ పట్టే కాలం. రోజుకు 4 చొప్పున 140. చివరి 20 రోజులు గింజ గట్టిపడి ఆకు రాలే కాలం, రోజుకు రెండున్నర చొప్పున 50. మొత్తం 230 మి.మీ. ఇవి ఉదాహరణకు వేసిన అంకెలు. మీ దగ్గర ఎండ, గాలి ఎక్కువైతే పెంచుకోండి.

వానలు ఆగిన నాటికి మట్టిలో వాడుకోదగ్గ నీరు 120 మి.మీ. ఉందనుకుంటే మిగతా 110 వానే ఇవ్వాలి. మొదటి 20 రోజులకు 40 పోగా ఇంకా 70 కావాలి, రోజుకు 4 చొప్పున అది 18 రోజులు. అంటే పంట తన మొదటి 38 రోజులు వానలోనే గడపాలి. 120లోంచి 38 తీసేస్తే 82. రెండో పంట విత్తనం 82వ రోజుకల్లా భూమిలో పడి ఉండాలి. కోతకు, చేను సర్దుకోవడానికి నాలుగు రోజులు ఇస్తే మొదటి పంట 78వ రోజుకు బయటికి వచ్చేయాలి.

ఇప్పుడు మొదటి పంటగా 100 రోజుల రకం వేసినవాళ్ల సంగతి చూడండి. కోత, దుక్కి అయ్యేసరికి 105వ రోజు వస్తుంది. రెండో పంటకు దక్కే వానకాలం 15 రోజులే, దాంట్లో అది వాడుకునేది 30 మి.మీ. ఇంకా 200 కావాలి, మట్టిలో ఉన్నది 120. విత్తిన 47వ రోజు దాటేసరికి ఆ నీరు అయిపోతుంది, సరిగ్గా కాయలో గింజ ఊరే వేళకు. చేను పైకి పచ్చగా, కాపు బాగున్నట్టే కనిపిస్తుంది. కాయ ఒలిచి చూస్తే లోపల తాలు.

మట్టి 60 మి.మీ. మాత్రమే దాచగల ఎర్ర చెలక అయితే అదే పంట మొదటి 53 రోజులు వానలో ఉండాలి, అంటే 67వ రోజుకల్లా విత్తాలి. అప్పుడు మొదటి పంటకు మిగిలేది రెండు నెలలే. 60 నుంచి 65 రోజుల్లో వచ్చే పెసర లాంటిదో, పచ్చిమేతకు కోసే పైరో తప్ప ఇంకేదీ అక్కడ పట్టదు. లేదా ఒకే దీర్ఘకాలిక పంట వేసుకోవడం మేలు. లెక్క కుదరని చోట రెండో పంట మీద ఆశ పెట్టించడం నాకు ఇష్టం ఉండదు.

ఈ లెక్కలో ఒక్క వారం ఆలస్యం ఖరీదు చూడండి. 82వ రోజు బదులు 89వ రోజున విత్తితే వానలో గడిపే ఏడు రోజులు పోయాయి, రోజుకు 4 చొప్పున 28 మి.మీ. ఎకరానికి లక్షా పదమూడు వేల లీటర్ల నీరు. అంత నీరు తర్వాత ఎక్కణ్ణుంచి తెస్తారు?

మొదటి పంటను ముందుకు జరపడం

అన్నిటికన్నా ఎక్కువ రోజులు కలిసొచ్చేది పొడి దుక్కిలో విత్తడం వల్ల. తొలకరికి ముందే దుక్కి సిద్ధం చేసుకుని, విత్తనాన్ని 5 సెం.మీ.కు తగ్గకుండా లోతులో వేసి వదిలేయాలి. అంత లోతులో ఉంటే చిన్న చిన్న జల్లులకు మొలవదు, మంచి వాన పడినప్పుడే లేస్తుంది. లోతైన నల్లరేగడి వానకు తడిస్తే జిగటై గొర్రు, ట్రాక్టరు ఏవీ దిగవు. అందుకే అలాంటి నేలల్ని వానకాలమంతా బీడు పెట్టి, వానలు తగ్గాక ఒకే పంట వేసే అలవాటు ఉండేది. 1970లలో ఇక్రిశాట్ పటాన్‌చెరు క్షేత్రంలో ఎత్తు మడులు, మధ్యలో కాలువలు చేసి, వానకు ముందే పొడి దుక్కిలో విత్తి అలాంటి నేలలోనే వరుసగా రెండు పంటలు తీయొచ్చని చూపించింది. జొన్న, మొక్కజొన్న, పెసర, కంది ఈ పద్ధతికి బాగా తట్టుకుంటాయి. తొలకరి నిలకడగా ఉండే చోటే ఇది చేయండి. మీ పాత లెక్కల్లో మొదటి వాన తర్వాత పొడుగాటి బెట్ట తరచుగా కనబడితే దీని జోలికి పోవద్దు.

ముందు విత్తినందుకు ఇంకో లాభం కూడా ఉంది. ఎండాకాలమంతా ఎండిన మట్టి తొలి వానకు తడవగానే అందులోని సూక్ష్మజీవులు ఒక్కసారిగా లేచి సేంద్రియ పదార్థాన్ని కుళ్లబెడతాయి, నత్రజని విడుదలవుతుంది. తూర్పు ఆఫ్రికాలో పనిచేసిన హెచ్.ఎఫ్. బర్చ్ 1950లలో దీన్ని వివరంగా చూపించాడు. ఆ నత్రజని కొద్ది రోజులే పైన ఉంటుంది, పెద్ద వానలు పడితే కిందికి కొట్టుకుపోతుంది. అప్పటికి వేరున్న పైరుకే అది దక్కుతుంది. జొన్నలో అయితే ఆలస్యంగా మొలిచిన చేలను మొవ్వు ఈగ పట్టుకుంటుంది. మొదటి మూడు నాలుగు వారాల మొక్కల మీద గుడ్లు పెడుతుంది, పిల్ల పురుగు లోపలికి దూరితే మొవ్వు (నడిమి లేత ఆకు) ఎండిపోయి లాగితే ఊడి వస్తుంది. ఊళ్లో అందరికంటే చివర విత్తినవాళ్ల చేను మీదికి ముందు విత్తిన చేలలో పెరిగిన ఈగలన్నీ చేరతాయి.

అయితే ముందు విత్తితే ముందు కోతకొస్తుందని అన్ని రకాల విషయంలో అనుకోవద్దు. చాలా నాటు జొన్న, సజ్జ, కంది రకాలు పగటి నిడివిని బట్టి పూస్తాయి. 15 డిగ్రీల అక్షాంశం దగ్గర ఏడాదిలో అతి పొడుగు పగటికీ అతి చిన్న పగటికీ తేడా గంటా ముప్పావే, కానీ ఆ మొక్కలకు అది చాలు. నెల ముందు విత్తినా, నెల వెనక విత్తినా అవి దాదాపు ఒకే వారంలో కంకి తీస్తాయి. ముందు విత్తితే ఎత్తు పెరుగుతాయి, మేత ఎక్కువొస్తుంది, చేను మాత్రం ముందుగా ఖాళీ కాదు. ఒకే పంట వేసేవాళ్లకు ఇది వరం. వానలు తగ్గాకే పూస్తుంది కాబట్టి గింజకు బూజు పట్టదు. రెండు పంటలు కావాలంటే మాత్రం పగటి నిడివితో పని లేకుండా ఇన్ని రోజులకు పూస్తుందని చెప్పగలిగే రకమే తీసుకోవాలి. విత్తనం కొనేటప్పుడు "ఎన్ని రోజుల పంట?" అని మాత్రమే అడక్కుండా "ఆలస్యంగా వేస్తే కూడా అన్ని రోజులేనా?" అని అడగండి. ఆ సమాధానంలోనే సంగతి బయటపడుతుంది. ఇలాంటి తొందర రకం వానల నడుమ కోతకొస్తుంది కాబట్టి ఆరబెట్టే ఏర్పాటు ముందే చూసుకోవాలి. జొన్నకైతే గింజ బూజు భయం ఎక్కువ, పొత్తుకు ఆకు కప్పి ఉండే మొక్కజొన్న కాస్త నయం.

కోత దగ్గర కూడా రోజులు మిగుల్చుకోవచ్చు. మొక్కజొన్నలో చేను మధ్యలో నాలుగైదు కండెలు తెంపి, ఒక్కోదాన్ని నడిమికి విరిచి, అక్కడి గింజ ఒకటి ఊడదీయండి. బెండుకు అతుక్కుని ఉండే మొన వైపు గోటితో గీకితే, గింజ ఇంకా పెరుగుతుంటే ఆ చోటు తెల్లగా, పాలిపోయి ఉంటుంది. పెరుగుదల పూర్తయితే మొనలో సన్నటి నల్ల పొర కనబడుతుంది. అది వచ్చాక మొక్క నుంచి గింజలోకి ఇక ఏమీ చేరదు. ఆ తర్వాత చేలో నిలబెట్టేది కేవలం ఆరడానికే, ఈలోపు కలుపు మొక్కలు రెండో పంట నీటిని తాగుతుంటాయి. అప్పటికి గింజలో తేమ 30 శాతం పైనే ఉంటుంది కాబట్టి కోసి కళ్లంలో ఆరబెట్టే వసతి ఉండాలి. ఉంటే వారం, పది రోజులు చేతికొస్తాయి.

అదీ కుదరకపోతే నిలువు చేలోనే రెండో విత్తనం వేయడం. కోతకు రెండు మూడు వారాల ముందు సాళ్ల మధ్య విత్తితే, మొదటి పంట తీసేసరికి రెండోది మొలిచి నిలబడి ఉంటుంది. వరి కోతకు ముందు బురద పదునులో మినుము, పెసర చల్లేది ఈ లెక్కతోనే. నీడ మూడు వారాలకు మించితే మొక్క సన్నగా సాగిపోతుంది, కాబట్టి మరీ తొందరపడొద్దు.

తొలకరి చూశాకే తుది నిర్ణయం

కెన్యాలో 1980లలో ఇయాన్ స్టీవర్ట్ అనే శాస్త్రవేత్త తొలకరి వచ్చిన తేదీని బట్టే ఆ ఏడాది పంట, మొక్కల సంఖ్య, ఎరువు నిర్ణయించుకోమని చెప్పాడు. వరుస పంటలకు ఇంతకంటే మంచి పద్ధతి నాకు కనబడలేదు. వానకాలానికి ముందే కాగితం మీద మూడు ప్లాన్లు రాసిపెట్టుకోండి. తొలకరి తొందరగా వస్తే రెండు పూర్తి పంటలు. మామూలుగా వస్తే మొదటిది 65 రోజులది, రెండోది బెట్టకు తట్టుకునేది. బాగా ఆలస్యమైతే ఒకే పంట, కంది లాంటి లోతు వేరు పైరును అంతరపంటగా కలిపి. మూడింటికీ ఏ తేదీ దాటితే ఏ ప్లాన్‌లోకి మారాలో కూడా అప్పుడే రాయండి. తొలకరి కోసం ఎదురుచూసే టెన్షన్‌లో, పక్క చేలో విత్తుతుంటే చూస్తూ తీసుకునే నిర్ణయం సరిగ్గా ఉండటం కష్టం.

రెండో పంట విత్తే రోజు వచ్చాక మళ్లీ ఊచ తీసుకుని చేనంతా తిరగండి. మీటరు లోతూ దిగితే మీ లెక్కలో వేసుకున్న నీరు ఉన్నట్టే, ధైర్యంగా విత్తండి. లోతు దుక్కి దున్నొద్దు. దున్నిన ప్రతిసారీ పైతడి ఆరిపోతుంది, రోజులూ పోతాయి. సాళ్లు తీసి విత్తి, మొదటి పంట చొప్పనో ఆకునో సాళ్ల మధ్య పరిస్తే ఆవిరి తగ్గుతుంది. శనగ లాంటి విత్తనాన్ని ముందు రాత్రి ఎనిమిది గంటలు నీళ్లలో నానబెట్టి, పైతడి ఆరేదాకా నీడలో ఉంచి, పొద్దున్నే విత్తితే మొలక తొందరగా, సమంగా వస్తుంది. పై మట్టి ఎండి కింద తడి ఉంటే విత్తనం ఆ తడిలో పడేలా లోతు పెంచండి. ఊచ మీటరులో సగం కూడా దిగక, వానలు ఆగే తేదీ రెండు వారాల్లోకి వచ్చేసి ఉంటే గింజ పంట ఆలోచన మానేసి, 40, 45 రోజుల్లో కోసుకునే పచ్చిమేత వేయండి. అదీ కాకపోతే చెత్త కప్పి చేనును అలాగే వదిలేయండి.